కరిచిన కుక్కకు విచారణ

(కర్ణాటక బళ్ళారి జిల్లా హగరిలో చేసిన స్మారక ఉపన్యాసం పాఠం)

స్మారక సభలో కుక్కల ప్రసంగమేమిటని ముందు వరుసలో కూర్చున్న పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకోవచ్చు. కానీ కుక్కకు స్మారకం నిలిపిన రాష్ట్రమిది. మండ్య జిల్లా ఆతకూరు శాసనం సుమారు 950 నాటిది. తక్కోలం యుద్ధంలో చోళుల మీద గెలిచాక గంగరాజు రెండో బూతుగుడు తన వీరుడు మణలేరుణ్ణి ఏదైనా కోరుకోమన్నాడు. మణలేరుడు రాజుగారి వేటకుక్క ‘కాళి’ని అడిగి తీసుకున్నాడు. ఆ తర్వాత ఒక వేటలో కాళి అడవిపందితో తలపడి, దాన్ని చంపి తానూ చచ్చింది. దాని పేరిట గుడిలో రాయి నాటించి, పూజకు పొలం రాసిచ్చారు. ఆ రాయి ఇప్పుడు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది.

ఇంకాస్త దగ్గరికి వస్తే మైలారం ఉంది. హూవినహడగలి తాలూకా మైలార జాతరలో గొరవయ్యలు దేవుడి కుక్కలై మొరుగుతారు, దోణెలో పోసిన ప్రసాదానికి ఎగబడతారు. కాలభైరవుడి వాహనం కుక్క. దత్తాత్రేయుడి పాదాల దగ్గర ఉన్నవి నాలుగు కుక్కలు. కుక్క ప్రాణం తీయాలంటే ఈ సీమ మనిషికి చెయ్యి వణకడానికి కారణాలు తక్కువేమీ కాదు.

యజమాని కోసం ప్రాణమిచ్చిన కుక్క గురించి ఎంతసేపైనా మాట్లాడవచ్చు. చిక్కంతా రెండో రకంతోనే. పక్కింటి పిల్లవాడి బుగ్గ చీరేసిన కుక్క, అన్నం పెట్టే ముసలమ్మ మీదే పడిన కుక్క, రాత్రి దొడ్లోకి దూకి గొర్రెపిల్లల గొంతులు పట్టిన కుక్క. దాన్ని ఉంచాలా, చంపాలా? ఆ మాట ఎవరు చెప్పాలి? ఏం చూసి చెప్పాలి? ఈ ఉపన్యాసం ఆ మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

నన్నయ ఆదిపర్వం తొలి ఘట్టాల్లోనే ఒక కుక్క న్యాయం అడుగుతుంది. జనమేజయుడి యజ్ఞశాల దగ్గర ఆడుకుంటున్న సారమేయుడనే కుక్కపిల్లను రాజు తమ్ముళ్ళు కొట్టారు. అది ఏడుస్తూ పోయి తల్లి సరమతో చెప్పుకుంది. సరమ తిన్నగా సభకు వచ్చి, నా కొడుకు ఏ తప్పూ చేయలేదే, ఎందుకు కొట్టించావని రాజును నిలదీసింది. కుక్కను ఎవరూ కొట్టకూడదని సరమ వాదించలేదు. తప్పేమిటో తేల్చకుండా శిక్ష ఎలా వేశారనే అడిగింది. రాజు దగ్గర జవాబు లేకపోయింది. మన ఊళ్ళలో ఈ రోజుకీ ఆ జవాబు ఉండటం లేదు.

పొన్నకల్ సంగతే తీసుకుందాం. మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకుల మండలంలోని ఊరది. 2024 ఫిబ్రవరి మధ్యలో ఒక అర్ధరాత్రి ముసుగులు వేసుకున్న మనుషులు కారులో వచ్చి, వీధుల్లో పడుకున్న కుక్కలను తుపాకీతో కాల్చుకుంటూ పోయారు. తెల్లారేసరికి సుమారు 20 కుక్కలు చచ్చి పడి ఉన్నాయి. కొన్ని గాయాలతో ఈడ్చుకుంటూ తిరిగాయి. పంచాయతీ కార్యదర్శి ఫిర్యాదు చేశారు. ఎవరు చేశారో, ఎందుకు చేశారో వెంటనే తెలియలేదు. తర్వాత పోలీసులు ముగ్గురిని అరెస్టు చేశాక కారణం బయటపడింది. ప్రధాన నిందితుడికి ఆ ఊళ్ళో అత్తవారిల్లు ఉంది. అక్కడున్న అతని డాక్స్‌హండ్ పెంపుడు కుక్కల్లో ఒకదాన్ని వీధికుక్కలు చంపేశాయి, రెండోది గాయపడింది. ఆ కసి తీర్చుకోవడానికి వచ్చాడని పోలీసులు చెప్పారు. చనిపోయిన 20 కుక్కల్లో డాక్స్‌హండ్‌ను చంపినవి ఎన్ని? ఆ లెక్క కాల్చినవాడికీ తెలియదు.

దుఃఖం నిజమే కావచ్చు. అలాంటి దుఃఖానికి తుపాకీ అందితే ఏమవుతుందో పొన్నకల్ చూపించింది.

2026 జనవరిలో తెలంగాణలో మరికొన్ని ఊళ్ళలో కుక్కల మూకుమ్మడి హత్యలు బయటపడ్డాయి. ఈసారి తుపాకులు లేవు, విషం వాడారన్న ఆరోపణ. కొత్తగా గెలిచిన సర్పంచుల మీద కూడా కేసులు నమోదయ్యాయి. కుక్కల బెడద తీరుస్తామని ఎన్నికల్లో మాటిచ్చి, ఆ మాట అలా నిలబెట్టుకున్నారని వార్తలొచ్చాయి. పంచాయతీలో ఓటు అడగడానికి అక్కరకొచ్చిన విషయం, పంచాయతీ సమావేశంలో తీర్మానంగా రాయడానికి పనికిరాలేదు. చీకట్లో జరిగింది.

ఇలాంటి పనులను ఖండించడం తేలిక. కానీ జనం ఎందుకు అంతదూరం పోయారో చూడకుండా ఖండించి ఊరుకోవడం పట్నపు అలవాటు. 2023 ఫిబ్రవరి 19న హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లవాడిని వీధికుక్కలు చుట్టుముట్టి చంపేశాయి. తండ్రి అక్కడే కార్ల సర్వీసింగ్ కేంద్రంలో కాపలాదారు, నిజామాబాద్ జిల్లా నుంచి పొట్టకూటికి వచ్చిన కుటుంబం. సీసీ కెమెరాలో పడిన ఆ దృశ్యం రాష్ట్రమంతా చూసింది. హైకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. నగరపాలక సంస్థ కుక్కల బండ్లను వీధివీధికీ తిప్పింది. కొన్నాళ్ళు దొరికిన కుక్కనల్లా పట్టారు. ఆ పిల్లవాడి మీద పడిన కుక్కలేవి, అంతకుముందు అవి ఎవరినైనా కరిచాయా, ఎవరైనా ఫిర్యాదు చేశారా అన్న ప్రశ్నలు మాత్రం టీవీ చర్చల్లో వెనక్కి పోయాయి. ఒకవైపు కుక్కలన్నీ పోవాలన్నవాళ్ళు, ఇంకోవైపు ఒక్కటీ పోకూడదన్నవాళ్ళు. ‘ఈ కుక్క’ అన్న మాటే ఎవరి నోటా రాలేదు.

అంతకు నెల ముందు అదే నగరంలో ఇంకో మరణం. బంజారాహిల్స్‌లో ఆహారం అందించడానికి వెళ్ళిన 23 ఏళ్ళ కుర్రవాడు తలుపు దగ్గర నిలబడి ఉండగా, ఇంట్లోని జర్మన్ షెపర్డ్ అతని మీదికి దూసుకొచ్చింది. ప్రాణభయంతో పరుగెత్తి మూడో అంతస్తు మీది నుంచి దూకాడు. ఆసుపత్రిలో చనిపోయాడు. పోలీసులు కుక్క యజమాని మీద కేసు పెట్టారు. ఆ కుర్రవాడి ప్రాణం పంటిగాటు వల్ల పోలేదు. మరి ఆ కుక్క ప్రమాదకరమైనదేనా? చంపాల్సినదేనా? ఒక కుటుంబంలో చేతికొచ్చిన కొడుకు పోయాడు కాబట్టి అవునని గుండె చెబుతుంది. నిదానంగా చూస్తే, తలుపు తీసేముందు కుక్కను కట్టేయని చెయ్యి కనబడుతుంది. కాటు లోతుకూ నష్టం లోతుకూ ఎప్పుడూ లంకె ఉండదు. అందుకే ఏ కుక్క సంగతి ఆ కుక్కదిగా చూడాలి.

ఇక్కడ పిచ్చికుక్క గురించి ఒక మాట. రేబిస్ పట్టిన కుక్కకూ, ఆరోగ్యంగా ఉండి కరిచే కుక్కకూ మన ఊళ్ళలో తేడా చూడరు. రేబిస్ లక్షణాలు బయటపడిన కుక్క ఎటూ రోజుల్లోనే చస్తుంది, దాని విషయంలో తేల్చుకోవాల్సిందేమీ లేదు. బళ్ళారి జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో, కరిచినది పిచ్చికుక్కని అనుమానం వస్తే చికిత్సకు పేరున్న చోటు కూనూరు. 1907లో అక్కడ పాశ్చర్ సంస్థ పెట్టారు. బొడ్డు చుట్టూ 14 సూదులు వేయించుకున్న తరం ఇంకా మన మధ్య ఉంది. గొర్రె మెదడు నుంచి తీసిన ఆ మందును మన దేశంలో 2004 చివరిలో ఆపేశారు. ఇప్పుడు సూది భుజానికే, గాయం లోతైతే గాయంలోకే సీరం. కర్ణాటక 2022 డిసెంబరులో మనుషులకు వచ్చే రేబిస్‌ను తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుగా ప్రకటించింది.

కరిచిన కుక్కను అక్కడికక్కడే కొట్టి చంపేస్తే, కరిపించుకున్నవాడికే ఒక నష్టం ఉంది. కరిచిన కుక్క పది రోజుల పాటు ఆరోగ్యంగా ఉందంటే, కరిచిన రోజున దాని లాలాజలంలో రేబిస్ లేనట్టే. చచ్చిన కుక్క ఆ సాక్ష్యం చెప్పలేదు. తలను మంచుపెట్టెలో పెట్టి ప్రయోగశాలకు పంపితే తెలుస్తుంది, కానీ కర్రలతో కొట్టి చంపిన తలలో పరీక్షకు మిగిలేదేమిటి? పది రోజులు కట్టేసి చూడటం కుక్క మీద దయ కాదు, కరిపించుకున్నవాడి మీద దయ. టీకా మాత్రం ఆ పది రోజుల కోసం ఆపకూడదు, మొదటిరోజే వేయించుకోవాలి.

పది రోజులు గడిచాయి. కుక్క బాగానే ఉంది, అన్నం తింటోంది, తోక ఊపుతోంది. అసలు ప్రశ్న అప్పుడు మొదలవుతుంది.

ఈ దేశంలో ఆ ప్రశ్నకు ధైర్యంగా జవాబు చెప్పి తిట్లు తిన్నవాళ్ళలో గాంధీ ఒకరు. 1921లో ఒక రాత్రి ఆయన బళ్ళారి రైల్వేస్టేషన్‌లో గడిపారన్నది ఇక్కడివారికి తెలిసిందే. ఐదేళ్ళ తర్వాత అహ్మదాబాదులో మిల్లు యజమాని అంబాలాల్ సారాభాయ్ తన మిల్లు ఆవరణలో తిరుగుతున్న 60 కుక్కలను చంపించారు. నగరం అట్టుడికింది. సారాభాయ్ వెళ్ళి గాంధీకి చెప్పుకున్నారు. ఇంకేం చేయగలమన్నట్టుగా గాంధీ సమాధానమిచ్చారు. జీవదయ సంఘం ఇది నిజమేనా అని ఉత్తరం రాసింది. అహింసా మూర్తి కుక్కల హత్యను సమర్థించాడా? గాంధీ వెనక్కి తగ్గలేదు. 1926 చివరి నెలల్లో ‘యంగ్ ఇండియా’లో వరసగా వ్యాసాలు రాశారు. చంపడం పాపమేనని ఒప్పుకున్నారు. కానీ దిక్కులేని కుక్కకు వీధిలో ఒక రొట్టెముక్క విసిరి పుణ్యం మూటగట్టుకోవడం దయ కాదనీ, కుక్కకు యజమాని అంటూ ఉండాలనీ, ఏ బాధ్యతా తీసుకోని సమాజం చివరికి చంపడం దగ్గరికే చేరుతుందనీ ఆయన వాదం. కోపంతో ఉత్తరాలు వచ్చిపడ్డాయి. రెండేళ్ళకు, బాధ భరించలేని ఆశ్రమం దూడకు వైద్యుడి చేత సూది వేయించినప్పుడు కూడా అదే రభస.

గాంధీ వాదంలో ఈ వక్తకు నచ్చే భాగమూ ఉంది, నచ్చని భాగమూ ఉంది. దయకు బాధ్యత తోడవ్వాలన్నది తిరుగులేని మాట. కానీ 60 కుక్కలను ఒక్క గంపగుత్తలో తేల్చేయడం సరమ ప్రశ్నకు జవాబు కాదు. పైగా ఆ దారి ఫలించదని మద్రాసు నగరమే చెప్పింది. పంతొమ్మిదో శతాబ్ది నుంచి అక్కడి కార్పొరేషన్ కుక్కలను పట్టి చంపుతూనే వచ్చింది. 1990ల మధ్యకు వచ్చేసరికి ఆ సంఖ్య రోజుకు వందకు పైనే. వీధుల్లో కుక్కలు తగ్గలేదు. బ్లూక్రాస్ ఆఫ్ ఇండియాకు చెందిన చిన్ని కృష్ణ చాలాకాలంగా చెబుతున్న సంతాన నిరోధక శస్త్రచికిత్సల వైపు నగరం అప్పుడు తిరిగింది. విశాఖలో వీఎస్‌పీసీఏ, హైదరాబాద్‌లో అక్కినేని అమల మొదలుపెట్టిన బ్లూక్రాస్ కూడా ఆ బాటే పట్టాయి. 2001లో కేంద్రం దాన్ని నిబంధనలుగా మార్చింది.

అయితే శస్త్రచికిత్స కుక్కల సంఖ్యకు మందు. ఒక ఫలానా కుక్క కోపానికి పూర్తి మందు కాదు. ఇక్కడే మన చట్టంలో చిల్లు ఉంది. వాటి స్థానంలో వచ్చిన 2023 నిబంధనల ప్రకారం వీధికుక్కకు మరణసూది వేయడానికి కారణాలు రెండే, నయంకాని జబ్బు, బతకలేనంత గాయం. రేబిస్ లేదని తేలి, స్వభావంలో మాత్రం ఉగ్రంగా ఉన్న కుక్కను జంతు సంక్షేమ సంస్థకు అప్పగించాలి. వాళ్ళు దాన్ని దారికి తెచ్చి వదలాలి. దారికి రాకపోతే? నిబంధన మౌనం. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, టీకా వేసి శస్త్రచికిత్స చేసిన కుక్కలను పట్టిన చోటే వదలమంటూ, రేబిస్ ఉన్నవాటినీ దూకుడుగా ప్రవర్తించేవాటినీ మాత్రం వదలొద్దంది. దూకుడు అంటే ఏమిటో, దాన్ని ఎవరు తేల్చాలో ఆ ఉత్తర్వులో లేదు. ఒక కుక్కకు బోను, ఇంకో కుక్కకు వీధి రాసిపెట్టే ఆ మాటకు కొలబద్ద లేకపోతే, ఫిర్యాదు చేసినవాడి గొంతే కొలబద్ద అవుతుంది.

ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2025 సెప్టెంబరులో కొంత దారి వేసింది. రెచ్చగొట్టకుండా మనిషిని కరిచిన కుక్కను మొదటిసారి పది రోజులు కేంద్రంలో ఉంచుతారు, మైక్రోచిప్ వేసి వదులుతారు. రెండోసారి కూడా అలాగే కరిస్తే జీవితాంతం అక్కడే, ఎవరైనా పెంచుకుంటామని పూచీ ఇస్తే తప్ప. రెచ్చగొట్టారా లేదా అన్నది ప్రభుత్వ పశువైద్యుడితో కూడిన ముగ్గురి కమిటీ తేలుస్తుంది. ‘కుక్కకు యావజ్జీవం’ అని పత్రికలు నవ్వుకున్నాయి. నవ్వదగ్గదేమీ లేదు. కుక్క చేసిన పనిని ముగ్గురు మనుషులు కూర్చుని విచారించాలని మన దేశంలో ఒక ప్రభుత్వం కాగితం మీద రాయడం చిన్న సంగతి కాదు. శిక్ష విషయంలో మాత్రం ఈ వక్తకు అనుమానముంది. మనిషిని చూస్తే వణికి మీదపడే కుక్కను పదేళ్ళు ఇనుపబోనులో ఉంచడం, ఒక సూదితో నిద్రపుచ్చడం కంటే దయగలదా? బోనులో ఉన్న కుక్క చుట్టూ తిరుగుతూ, ఊచలు కొరికి పళ్ళు అరగదీసుకోవడం చూసినవారు వెంటనే అవునని చెప్పలేరు.

మరి తేల్చేదెలా? అమెరికాలో స్థిరపడిన పశువైద్యుడు ఇయాన్ డన్‌బార్ కాటుకు ఆరు మెట్ల కొలత ఒకటి తయారుచేశారు. మొదటి రెండు మెట్లలో పన్ను దిగదు, మొరిగి గాలిలో కొరకడమో, చర్మాన్ని తాకి వదలడమో. కుక్కల గొడవల్లో అత్యధికం ఈ రెండు మెట్ల మీదే ఆగిపోతాయని ఆయన అంటారు. మూడో మెట్టులో ఒక్క కాటు, ఒకటి నుంచి నాలుగు గాట్లు, ఏ గాటూ కోరపన్ను పొడవులో సగం దాటి దిగదు. నాలుగో మెట్టు దగ్గర కథ మారుతుంది. కనీసం ఒక గాటు కోరలో సగం కంటే లోతుగా దిగి ఉంటుంది, చుట్టూ కమిలి ఉంటుంది, లేదా పట్టి విదిలించినట్టు కండ చీరి ఉంటుంది. అంటే కుక్క కొరికి వదల్లేదు, పట్టుకుని నొక్కింది. భయపెట్టి దూరం తోలడానికి కొరికే కుక్క వెంటనే వదిలేస్తుంది. వదలని కుక్క వేరే పని మీద ఉంది. ఐదో మెట్టు అలాంటి కాట్లు ఒకటి కంటే ఎక్కువ, ఆరోది మరణం. మూడో మెట్టు దాకా శిక్షణకు ఆశ ఉందనీ, నాలుగో మెట్టు కుక్క చాలా ప్రమాదకరమనీ, చివరి రెండు మెట్లలో నొప్పి లేకుండా చంపడమే మేలనీ డన్‌బార్ సలహా.

ఆసుపత్రిలో గాయం కడిగేటప్పుడే ఈ లోతు కొలిచి చీటీ మీద రాస్తే సగం విచారణ అయిపోయినట్టే. మన చీటీల మీద ‘కుక్కకాటు’ అని ఒక్క ముక్కే ఉంటుంది.

గాయం కొలిస్తే చాలదు, కుక్కనూ చూడాలి. ఆరేళ్ళు సాధువుగా ఉండి హఠాత్తుగా కరిచిన కుక్కలో పశువైద్యుడు మొదట వెతికేది నొప్పిని. కుక్కను వేపచెట్టుకు పొట్టిగా కట్టి, గాజ్‌గుడ్డ పట్టీని మూతి చుట్టూ రెండు చుట్లు తిప్పి, దవడ కింద ముడివేసి, చివర్లు చెవుల వెనక బిగిస్తాడు. పల్లె పశువుల ఆసుపత్రిలో ఎక్కువగా ఇదే మూతిబుట్ట. అప్పుడు చెవి మడత ఎత్తి చూస్తే లోపల చీము, దుర్వాసన. అక్కడ చెయ్యి పడినప్పుడల్లా అది కరుస్తోంది. పంటి మొదట్లో గడ్డ, తుంటి కీలు అరుగుదల, చూపు మందగించి వెనకనుంచి వచ్చినవాడికి ఉలిక్కిపడటం, ఈనిన తల్లి పిల్లల జోలికి ఎవరో వెళ్ళడం, ఇవన్నీ సరమ కొడుకు ఖాతాలోకి వస్తాయి. చెవికి మందు వేస్తే పోయే కోపానికి ప్రాణం తీయడం అన్యాయం.

కట్టు సంగతీ చూడాలి. అమెరికాలోని డెన్వర్‌లో 1994లో అచ్చయిన ఒక అధ్యయనం, కరిచిన కుక్కలనూ కరవని కుక్కలనూ పోల్చి చూసింది. కరిచినవాటిలో గొలుసుతో కట్టేసి ఉంచినవి, వృషణాలు తీయని మగవి ఎక్కువని తేల్చింది. పగలంతా గుంజకు కట్టి, రాత్రి విప్పి, ఎవరొచ్చినా ఉసిగొల్పి పెంచిన కుక్క ఒకరోజు పాలవాడి పిక్క పట్టుకుంటే ఆ నేరంలో వాటా ఎవరిది? ‘మొరిగే కుక్క కరవదు’ అని సామెత చెప్పుకుని ధీమాగా ఉండేవాళ్ళకు ఇంకో సంగతి. కుక్క ముందు బిగుసుకుంటుంది, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తుంది, పెదవి ఎత్తుతుంది, గుర్రుమంటుంది. ఇవన్నీ హెచ్చరికలు. గుర్రుమన్నప్పుడల్లా కర్రతో బాదితే అది గుర్రుమనడం మానేస్తుంది, కోపం మాత్రం అలాగే ఉంటుంది. హెచ్చరిక లేకుండా మీదపడే కుక్క అలా తయారవుతుంది. దాన్ని చేతులారా చేసింది ఇంటివాళ్ళే.

ఇంత చూశాక కూడా కొన్ని కుక్కలు మిగులుతాయి. ఒంట్లో జబ్బు లేదు, ఎవరూ రెచ్చగొట్టలేదు, లోతుగా కరిచింది, మళ్ళీ కరిచింది, ఇంట్లో పసిపిల్ల ఉంది, గోడ మూడడుగులే. అలాంటి కుక్కకు పశువైద్యుడి సూది న్యాయమేనని ఈ వక్త అభిప్రాయం. ఆ పని ఎలా జరుగుతుందో కూడా చెప్పుకోవాలి, చెప్పుకోవడానికి జంకి చాలామంది విషం వైపు పోతున్నారు. మొదట కండలోకి మత్తుమందు. కుక్క కాళ్ళు తడబడి, పక్కకు ఒరిగి నిద్రపోతుంది. ముంగాలి మీద వెంట్రుకలు కత్తిరించి, సిరలోకి సన్నని గొట్టం పెట్టి, మత్తుమందునే ప్రాణాంతకమైన మోతాదులో నెమ్మదిగా ఎక్కిస్తారు. నిమిషాల్లో శ్వాస ఆగుతుంది. గుండె మీద స్టెతస్కోపు పెట్టి, కంటిపొర తాకి, చనిపోయిందని ఖాయం చేసుకున్నాకే వదలాలని నిబంధన. ఇంకో కుక్క చూస్తుండగా చేయకూడదని కూడా ఉంది. విషం తిన్న కుక్క ఒళ్ళు విల్లులా వంచి, నురగ కక్కి, గంటల తరబడి చస్తుంది. గుండెలోకి స్ట్రిక్నీన్ సూది పొడవడాన్ని 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం పేరు పెట్టి మరీ నేరమంది.

మన దగ్గర ఇంతకంటే ఎక్కువగా జరిగేది మూడోది. కుక్కను చంపరు, ఉంచుకోరు. తెల్లవారుజామున ఆటోలో వేసుకుపోయి తుంగభద్ర ఎగువ కాలువ గట్టు మీదో, గుంతకల్లు దారిలో ఏ డాబా దగ్గరో దింపేసి వస్తారు. పాపం తగలదని తృప్తి. కరిచే కుక్క చరిత్ర దానితోపాటు దిగదు, కొత్త ఊరి పిల్లలకు దాని గురించి తెలియదు. ‘తోటకు కాపలా ఉంటుంది తీసుకోండి’ అని కరిచిన సంగతి దాచి ఇంకొకరికి అంటగట్టడం కూడా అదే బాపతు. చంపడం కంటే వదిలేయడమే ఘోరమని ఈ వక్త నిస్సంకోచంగా అంటాడు.

పెద్ద ఇళ్ళలోనూ ఈ వాయిదాలే. అప్పటి అమెరికా అధ్యక్షుడు జో బైడెన్ జర్మన్ షెపర్డ్ ‘కమాండర్’ 2022, 2023లలో రక్షణ సిబ్బందిని కనీసం 24 సార్లు కరిచినట్టు తర్వాత బయటికొచ్చిన పత్రాలు చెప్పాయి. ఇరవై నాలుగో కాటు దాకా శ్వేతసౌధం ఆలోచిస్తూనే ఉంది, చివరికి కుక్కను అక్కణ్ణుంచి పంపేశారు. మామూలు ఉద్యోగి ఇంటి కుక్కకు అన్ని అవకాశాలు దొరికేవి కావు. లక్నోలో 2022 జులైలో ఒక పిట్‌బుల్ 82 ఏళ్ళ యజమానురాలినే చంపింది. నగరపాలక సంస్థ దాన్ని రెండు వారాలు పరిశీలించి కుటుంబానికి తిరిగి అప్పగించింది. డన్‌బార్ కొలతలో అది ఆరో మెట్టు.

జాతిని బట్టి తేల్చేద్దామన్న తోవ ఒకటుంది. బ్రిటన్ 1991లో నాలుగు జాతులను నిషేధించింది, పట్టుబడితే చంపడం తప్పనిసరి అంది. కోర్టుకు విచక్షణే లేకుండా పోయింది. ఒక్కర్నీ కరవని కుక్కలు ఏళ్ళ తరబడి మరణశిక్ష కింద బోనుల్లో ఉన్నాయి. 1997లో చట్టం సవరించి ఆ విచక్షణను కోర్టులకు తిరిగి ఇవ్వాల్సివచ్చింది. మన కేంద్రం 2024 మార్చి 12న పిట్‌బుల్, రాట్‌వైలర్ వంటి 23 జాతుల అమ్మకం, పెంపకాలను ఆపమని రాష్ట్రాలకు లేఖ రాస్తే, సంబంధిత వర్గాలను సంప్రదించలేదని కర్ణాటక హైకోర్టు ఏప్రిల్ 10న దాన్ని కొట్టేసింది. జాతి చూసి ఇచ్చే తీర్పులో ఒక సుఖం ఉంది, ఏ కుక్కనూ దగ్గరికెళ్ళి చూడక్కర్లేదు. హగరి పొలాల్లో పిల్లల మీద పడే కుక్కకు జాతి పేరే ఉండదు.

పాత చట్టంలోనే ఒక తలుపు ఉంది, తట్టేవాళ్ళే తక్కువ. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్ కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 152గా మారింది. ప్రజలకు ప్రమాదంగా ఉన్న జంతువును చంపమనో, కట్టడి చేయమనో, మరోలా వదిలించుకోమనో దాని యజమానిని ఆదేశించే అధికారం ఆ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు ఉంది. ఆ ఆదేశం ఒక్క దెబ్బకు ఖాయం కాదు. యజమాని అభ్యంతరం చెబితే హాజరై కారణాలు చూపుకోవచ్చు, సాక్ష్యం తీసుకుంటారు, తర్వాతే ఖరారు. సరమ సభకు వచ్చి అడిగిన విచారణ దాదాపు ఇదే. ఇది యజమాని ఉన్న కుక్కకే పనికొస్తుంది, వీధికుక్కకు చట్టంలోని చిల్లు అలాగే ఉంది. దాన్ని పూడ్చాలంటే ఉత్తరప్రదేశ్ తరహా కమిటీ కర్ణాటకకూ కావాలి, ఆంధ్రకూ కావాలి. ఏటి అవతల కరిచిన కుక్క ఇవతలి ఊరిదైతే ఎవరికి చెప్పుకోవాలో తెలియని సరిహద్దు జనానికి మరీ కావాలి.

యజమాని బాధ్యత మరచిపోకూడదు. జంతువు వల్ల ఇతరులకు హాని కలగకుండా చూసుకోని నిర్లక్ష్యానికి న్యాయ సంహిత 291వ సెక్షన్ ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అంటుంది. పరాయి జంతువును చంపినా, విషం పెట్టినా 325వ సెక్షన్ కింద ఐదేళ్ళ దాకా పడవచ్చు. కోపంలో కర్ర ఎత్తే ముందు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే మంచిది.

సభకు వచ్చినవారిలో ఎవరి వీధిలోనైనా అలాంటి కుక్క ఉంటే చేయాల్సిన పని ఒకటుంది. కరిచిన తేదీ, గాయం లోతు రాసిన ఆసుపత్రి చీటీ, కుక్క ఫొటో, యజమాని పేరు, అంతకుముందు కాటు తిన్నవారి సంతకాలు ఒక అర్జీకి జతచేసి, కర్ణాటకవాళ్ళు బళ్ళారి అసిస్టెంట్ కమిషనర్ కార్యాలయంలో, ఆంధ్రవాళ్ళు తమ ఆర్డీఓ కార్యాలయంలో ఇవ్వండి. అర్జీలో 152వ సెక్షన్ అని స్పష్టంగా రాయండి. పశువైద్యుడి చేత కుక్కను పరీక్ష చేయించాకే ఏ ఆదేశమైనా ఇవ్వమని కూడా అందులోనే కోరండి. చేతికి రశీదు ఇచ్చేదాకా కదలకండి.